ఆడపిల్లలు – ఫుట్‌బాల్ పోటీలు – తల్లిదండ్రుల బాధ్యత



ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకోవడం, పోటీలకు వెళ్ళడం, ఆ విషయంలో తల్లిదండ్రులు నడుచుకోవలసిన తీరు గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఒకప్పుడు బంతాట అంటే మగపిల్లల ఆటే. బడి విడిచాక ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళో, తాడాటో ఆడుకుని ఇల్లు చేరేవారు. ఇప్పుడు కాలం మారింది. సిప్కాట్ కర్మాగారాలు వచ్చాయి, హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది, బెంగళూరు మన గుమ్మం దాకా పెరిగింది. దానితోపాటు ఆటల శిక్షణ కేంద్రాలూ పెరిగాయి. పదేళ్ళ పాప బూట్లు కట్టుకుని, మోకాలి కింద షిన్‌గార్డులు పెట్టుకుని మైదానానికి వెళ్ళడం ఇవాళ వింత కాదు. కానీ ఆ పాపను కన్నవాళ్ళకు మాత్రం ఇది కొత్త దారి. డబ్బు ఎంత పెట్టాలి? ఎంత దూరం పంపాలి? చదువు ఏమవుతుంది? ఎవరిని నమ్మాలి? చెప్పేవాళ్ళు తక్కువ, ఆశ పెట్టేవాళ్ళు ఎక్కువ.

ముందు ఈ ఆట ఎక్కడ నిలిచి ఉందో చూద్దాం. ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం నిన్నమొన్నటి సంగతి కాదు. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరంలో జరిగిన ఒక మహిళల ఆటకు యాభై వేలమందికి పైగా జనం వచ్చారు. మరుసటి సంవత్సరం, 1921లో, ఫుట్‌బాల్ ఆడవారికి తగిన ఆట కాదంటూ అక్కడి సంఘం తన మైదానాల్లో వారిని ఆడనివ్వకుండా నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. కనుక "ఆడపిల్లకు బంతాట యాల?" అని మన అవ్వలు అడిగితే ఆశ్చర్యపోనక్కరలేదు. పెద్ద పెద్ద దేశాలే ఆ మాట అన్నాయి.

మన దేశంలో 1970 దశకంలోనే మహిళల జాతీయ పోటీలు మొదలయ్యాయి. 1983లో మన జట్టు ఆసియా పోటీల్లో రెండో స్థానం తెచ్చుకుంది. తర్వాత చాలాకాలం పట్టించుకునేవారు లేక వెనకబడింది. మళ్ళీ ఈ మధ్య వెలుగు వచ్చింది. 2025 జూలై 5న థాయిలాండులో, ఆ దేశపు జట్టునే 2-1 తేడాతో ఓడించి మన మహిళలు 2026 ఆసియా కప్‌కు అర్హత సంపాదించారు. అర్హత పోటీల్లో నెగ్గి ఆ కప్‌లో చోటు సంపాదించడం మన జట్టుకు అదే మొదటిసారి.

మన తమిళనాడు సంగతి చూస్తే, 2018లో కటక్‌లో జరిగిన జాతీయ సీనియర్ మహిళల పోటీలో మణిపూర్‌ను ఓడించి మొదటిసారి విజేత అయింది. మరుసటి సంవత్సరం మదురైకి చెందిన సేతు క్లబ్బు భారత మహిళల లీగు గెలిచింది. కడలూరు జిల్లా నుంచి వచ్చిన ఇందుమతి కదిరేశన్ దేశం తరఫున ఆడుతూనే తమిళనాడు పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. 2023-24 సంవత్సరానికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. ఆ మరుసటి ఏడాది అదే గౌరవం తెలుగు నేలకు వచ్చింది. నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ఆ బహుమతి అందుకున్నారు. ఆమె మొదట పరుగు పందేల పిల్ల. ఆమె వేగం చూసి శిక్షకులు నాగరాజు గారు ఫుట్‌బాల్ వైపు మళ్ళించారు. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బు వరకూ వెళ్ళి ఆడి వచ్చారు.

ఈ ఇద్దరి కథల్లో మనం గమనించవలసింది ఒకటుంది. ఒకరు కడలూరు నుంచి, ఒకరు తండా నుంచి వచ్చారు. నగరంలో ఖరీదైన శిక్షణ కేంద్రం పక్కన పుట్టినవారు కారు. ఒకరు మొదట వేరే ఆటలో ఉన్నారు. ఇంకొకరు ఆటతోపాటు ఉద్యోగమూ నిలబెట్టుకున్నారు. ఇద్దరూ ఆటను మధ్యలో విడిచిపెట్టలేదు.

శ్రోతలారా, నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఆడపిల్ల ఆటకు పెద్ద గండం ఓటమి కాదు, పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో ఆట మానిపోవడం. అలా మానిపోవడానికి పిల్ల కారణం కావడం తక్కువ. తల్లిదండ్రుల భయం ఒక కారణం, తల్లిదండ్రుల తొందర రెండో కారణం. ఈ రెండింటి గురించీ విడివిడిగా చెబుతాను.

మొదట భయం. పిల్ల పెద్దమనిషి కాగానే చాలా ఇళ్ళలో మైదానం మూసుకుపోతుంది. ఎండకు నల్లబడుతుందని, నిక్కరు వేసుకుంటే నలుగురూ ఏమంటారోనని, కాలు విరిగితే రేపు పెళ్ళి ఎట్లాగని ఆలోచిస్తారు. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న అపోహ కూడా ఉంది. నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి తీసుకోవాలి గానీ, ఓపిక ఉన్న పిల్ల ఆడటానికి వైద్యపరంగా ఏ అభ్యంతరమూ లేదు. ఇక నలుగురి మాట. హోసూరులో గడియారాల కర్మాగారం వచ్చిన కొత్తలో ఆడపిల్లలను పనికి పంపాలంటే ఎందరో వెనకాడారు. ఇవాళ మన చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో వేలమంది అమ్మాయిలు హాస్టళ్ళలో ఉండి మూడు షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. జీతానికి పంపగలిగిన మనం, ఇంటి పక్క మైదానానికి గంటసేపు పంపలేమా?

అయితే భయమంతా వట్టిదని నేను అనను. కొంత భయం అవసరమే. 2022లో మన దేశపు పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల జట్టు యూరప్ పర్యటనలో ఉండగా, అనుచిత ప్రవర్తన ఆరోపణ మీద ఒక సహాయ శిక్షకుణ్ణి పదవి నుంచి తొలగించవలసి వచ్చింది. దేశపు జట్టులోనే అట్లా జరిగినప్పుడు ఊరి జట్టు విషయంలో మనం కళ్ళు తెరిచే ఉండాలి. జాగ్రత్త అంటే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, ప్రశ్నలు అడగడం. శిక్షణ జరిగే చోట ఆడ శిక్షకురాలో, ఆడ పర్యవేక్షకురాలో ఉన్నారా? బట్టలు మార్చుకోవడానికి గది, మరుగుదొడ్డి ఉన్నాయా? బయటి ఊరి పోటీకి వెళితే రాత్రి బస ఎక్కడ, వెంట ఏ ఆడమనిషి ఉంటారు? ఏ పిల్లా ఒంటరిగా శిక్షకుడి బండి మీద వెళ్ళకూడదు. శిక్షకుడు పంపే కబుర్లు తల్లిదండ్రులు కూడా ఉన్న వాట్సాప్ బృందానికి రావాలి గానీ, రాత్రివేళ పిల్ల ఫోనుకు విడిగా రాకూడదు. ఇవి అడిగితే మంచి శిక్షకుడు సంతోషిస్తాడు. విసుక్కునేవాడి దగ్గర పిల్లను ఉంచకండి. పిల్లలను కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది. ఆపదలో 1098 నెంబరుకు ఫోను చేయవచ్చు. అన్నిటికంటే ముందు, "ఏం జరిగినా నాతో చెప్పు, నేను ఆట మాన్పించను" అని అమ్మ మాట ఇవ్వాలి. చెబితే ఆట పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు.

ఇక రెండోది తొందర. మామిడి రైతులు మన దగ్గర ఎందరో ఉన్నారు. కార్బైడు పెట్టి మాగబెట్టిన కాయకు పైన రంగు వస్తుంది, లోపల రుచి రాదు. పిల్లల విషయంలోనూ ఇదే జరుగుతోంది. తొమ్మిదేళ్ళ పాపను ఏడాది పొడుగునా, వారానికి ఆరు రోజులు, ఒకే ఆటలో పెట్టి తోమేస్తున్నారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2016లో ఈ విషయం మీద స్పష్టంగా సలహా ఇచ్చింది. ఎక్కువ ఆటల విషయంలో పదిహేను పదహారేళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టివేయవద్దని, వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో విడతలవారీగా మొత్తం మూడు నెలలు ఆ ఆట నుంచి విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. పరుగు, కబడ్డీ, ఖోఖో, ఈత ఏది ఆడినా ఆ ఒడుపు రేపు ఫుట్‌బాల్‌కు పనికివస్తుంది. సౌమ్య పరుగు వృథా పోలేదు కదా!

తొందర వెనక డబ్బు ఆశ కూడా ఉంటుంది. కాబట్టి లెక్క చూద్దాం. మహిళల లీగులో పై వరుసలో ఎనిమిది క్లబ్బులు ఉంటాయి. ఒక్కో క్లబ్బులో పాతికమంది అనుకుంటే దేశం మొత్తానికి రెండు వందల చోట్లు. 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య, ఆ క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3 లక్షల 20 వేల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. అంటే నెలకు సుమారు 27 వేలు. ఇది గౌరవమైన సంపాదనే, కానీ కోట్లు కాదు. కనుక నగలు కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి, లక్షలు పోసి శిక్షణ ఇప్పించే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. "మీ పాపను ఇండియా జట్టులో పెట్టిస్తాను" అని ఎవరైనా డబ్బు అడిగితే, ఆ మాటతోనే అతని సంగతి తేలిపోయిందని అర్థం చేసుకోండి.

తొందరలో జరిగే ఘోరమైన పొరపాటు వయసు తగ్గించడం. పదిహేనేళ్ళ పిల్లను పదమూడేళ్ళ పిల్లగా చూపిస్తే జట్టులో చోటు సులువుగా దొరుకుతుందని కొందరు సలహా ఇస్తారు. శ్రోతలారా, ఆ సలహా వినకండి. వయసు మోసాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2010లోనే నియమావళి తెచ్చింది. మణికట్టును ఎక్స్‌రే తీసి ఎముక పెరుగుదలను బట్టి వయసును అంచనా కడతారు. పట్టుబడితే నిషేధం పడుతుంది. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, బడి రికార్డు మూడింటిలో మూడు తేదీలు ఉంటే రేపు ఉద్యోగానికీ చిక్కే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అబద్ధం చెప్పి గెలవవచ్చని సొంత నాయనే నేర్పితే, ఆ పిల్ల ఇక ఎవరి మాట నమ్ముతుంది?

సరిహద్దులో ఉన్న మనకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన ఇల్లు తమిళనాడులో, మంచి శిక్షణ కేంద్రాలు కర్ణాటకలో. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే. కానీ అత్తిబెలె, చందాపురం, ఎలక్ట్రానిక్ సిటీ దాటేసరికి సాయంత్రం వేళ ఎంత సమయం పడుతుందో మీకు తెలుసు. రానూపోనూ రోజుకు మూడు గంటలు, వారానికి నాలుగు రోజులు అనుకుంటే పన్నెండు గంటలు బస్సులోనే గడుస్తాయి. అది ఆట కాదు, చదువు కాదు, నిద్ర కాదు. చిన్న వయసులో వారాంతంలో ఒకరోజు బెంగళూరు, మిగతా రోజులు ఊళ్ళోనే సాధన చేసినా చాలు. బాగలూరులో పూలతోట పని ముగించుకుని వచ్చే అమ్మకూ, సిప్కాట్‌లో షిఫ్టు దిగి వచ్చే నాయనకూ అదే సాధ్యం. నాలుగు కుటుంబాలు కలిసి వంతులవారీగా పిల్లలను తీసుకువెళితే ఖర్చూ తగ్గుతుంది, తోడూ ఉంటుంది.

ఏ రాష్ట్రం తరఫున ఆడాలన్నది మరొక విషయం. బడి పోటీల్లో పిల్ల ఏ బడిలో చదువుతుంటే ఆ జిల్లా, ఆ రాష్ట్రం తరఫున ఎంపికకు వెళుతుంది. క్లబ్బు పోటీల సంగతి వేరు. అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి, ఒకేసారి రెండు క్లబ్బుల్లో నమోదు కుదరదు. అందుచేత ఎవరో కాగితం చాపగానే సంతకం పెట్టకండి. ఎంతకాలం కట్టుబడాలి, మధ్యలో మారాలంటే ఏం చేయాలి అని అడిగి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. బెంగళూరు శిక్షణ కోసం బడి మార్చేముందు కృష్ణగిరిలోని జిల్లా క్రీడాధికారిని ఒకసారి కలవండి. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ నడిపే క్రీడా హాస్టళ్ళ ఎంపికల వివరాలూ అక్కడే తెలుస్తాయి. మన పిల్లలకు ఒక మేలు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం వచ్చిన పిల్ల ఏ జట్టులోకి వెళ్ళినా బెదరదు. మైదానంలో "వెనక మనిషి ఉంది" అని మూడు భాషల్లో అరవగలిగిన పిల్లను ఏ శిక్షకుడు వద్దంటాడు?

ఇక ఒంటి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. పిల్ల త్వరగా అలసిపోతుంటే బద్ధకమని తిట్టేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించండి. ప్రభుత్వ బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను పారేయకుండా మింగించండి. మన రాగి సంగటి ఎముకకు బలం. దానికి తోడు ఆకుకూర, ఉలవలు, గుడ్డు, ఒక నిమ్మబద్దో జామపండో ఉంటే మంచిది. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. ఇంట్లో మగపిల్లవాడి కంచంలో పడే గుడ్డు ఆటాడే ఆడపిల్ల కంచంలోనూ పడాలి.

మోకాలు మరీ జాగ్రత్త. ఫుట్‌బాల్‌లో మోకాలి లోపలి ముఖ్యమైన నరం లాంటి కట్టు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. నార్వే దేశంలో 125 క్లబ్బుల్లో పదమూడు నుంచి పదిహేడేళ్ళ అమ్మాయిల మీద పరిశోధన చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆటకు ముందు ఇరవై నిమిషాలు పద్ధతిగా పరుగు, గెంతడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ కండరాల వ్యాయామం చేసిన జట్లలో దెబ్బలు సుమారు మూడోవంతు తగ్గాయి, పెద్ద దెబ్బలు దాదాపు సగం తగ్గాయి. మీ పాప శిక్షకుడు ఈ కసరత్తు చేయిస్తున్నాడో లేదో చూడండి. చేయించకుండా నేరుగా ఆటలోకి దింపుతుంటే మర్యాదగా అడగండి. మోకాలు వాచిన పిల్లకు నొప్పి తెలియకుండా మాత్ర వేసి ఆడించడం మాత్రం ఎంత పెద్ద పోటీ అయినా చేయకూడని పని.

పోటీ రోజున గీత అవతల నిలబడిన తల్లిదండ్రులను చూస్తే కొన్నిసార్లు ఆట లోపల జరుగుతోందా, బయట జరుగుతోందా అనిపిస్తుంది. "తన్ను!", "ఇట్లియ్యి!", "ఎందుకు వదిలినావు?" అని అరుపులు. శిక్షకుడు ఒకటి చెబుతాడు, నాయన ఇంకొకటి అరుస్తాడు, పిల్ల మధ్యలో బంతి పోగొట్టుకుంటుంది. రెఫరీని తిట్టడం, ఎదుటి జట్టు పిల్లను ఎగతాళి చేయడం ఇంకా తప్పు. ఆ పిల్ల కూడా ఒక ఇంటి బిడ్డే. చప్పట్లు కొట్టండి, నీళ్ళు అందించండి, మిగతాది శిక్షకుడికి వదిలేయండి. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో తప్పులు ఎంచవద్దు. ఆకలిగా ఉందా అని అడగండి. ఆట గురించి మాట్లాడాలంటే పిల్లే మొదలుపెడుతుంది.

ఎంపికలో పేరు రాకపోతే? ఇది ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే రోజు. ముప్పైమంది వచ్చినచోట పద్దెనిమిది మందికే చోటు ఉంటుంది. పక్షపాతం జరిగిందని పిల్ల ముందు గొడవ చేయకండి. శిక్షకుణ్ణి విడిగా కలిసి, "మా పాప ఏది మెరుగుపరచుకోవాలి?" అని అడగండి. పన్నెండేళ్ళప్పుడు పొట్టిగా, బలహీనంగా ఉన్న పిల్ల పదహారేళ్ళకు అందరినీ దాటిపోవచ్చు. ఆనాటికి ఆమె ఇంకా ఆడుతూ ఉంటేనే ఆ సంగతి తెలిసేది.

చదువు మాటకు వస్తే, ఆట చదువుకు శత్రువు కాదు. ఆడిన ప్రతి పోటీ ధ్రువపత్రాన్ని ఒక సంచిలో భద్రపరచండి. కళాశాల ప్రవేశాల్లో క్రీడాకారుల కోటా ఉంది. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రతిభావంతులైన క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. పోలీసు, రైల్వే శాఖల్లోనూ అవకాశాలు ఉన్నాయి. అయితే ఆ అవకాశాలన్నింటికీ చదువు పత్రం కూడా కావాలి. బడి మాన్పించి ఆడించమని చెప్పేవారు మీ మేలు కోరేవారు కారు.

చివరగా ఒక చిన్న మనవి. ఏడాదికొకసారి, పరీక్షలు అయిపోయిన తర్వాత, మీ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "వచ్చే ఏడాది కూడా ఆడాలని ఉందా?" అని అడగండి. ఉందంటే ఎంత చేయగలరో అంత చేయండి. లేదంటే ఇన్నాళ్ళ ఖర్చు గుర్తు చేయకండి. జవాబు పిల్లదే కావాలి. శూలగిరిలోనో, వేపనపల్లిలోనో, తళిలోనో పద్దెనిమిదేళ్ళు నిండినా ఇంకా సంతోషంగా బంతి వెంట పరుగెత్తే అమ్మాయి ఉందంటే, ఆ ఇంట్లో తల్లిదండ్రులు తమ పని సక్రమంగా చేసినట్టే. ఆమె దేశానికి ఆడినా, ఊరికి ఆడినా ఈ మాట మారదు.